వెనక్కి నడిచినవాళ్ళు

తాతయ్య జీవితచరిత్ర రాస్తానంటూ
డార్చెస్టర్ నుంచి వచ్చిన పెద్దమనిషి
నాయనమ్మకు ఒకే ఒక్క గీత ఖాళీ ఉంచాడు.
భార్య: ఫలానా. ఫలానా వారి కుమార్తె.
పూరించమని కలం నా చేతికిచ్చాడు.

ఒక గీతలో పట్టదండీ, అన్నాను.
టీ చల్లారిపోతోంది, ముందు తాగండి.

ఆమె పేరు కెజాయా లోడర్.
తండ్రి జాబెజ్, బ్రిడ్‌పోర్టులో తాళ్ళు పేనేవాడు.
ఆయన తండ్రి ఎనోస్‌దీ అదే పని.
ఎనోస్ భార్య థర్జా
పెరట్లో రాట్నం పక్కనే పుట్టిందనీ
పురుడు పోసిన చేతులకు తారు అంటుకుని ఉందనీ
మా ఇంట్లో చెప్పుకునేవారు.
నిజమో కాదో.
చర్చి పుస్తకంలో పుట్టిన తేదీ ఉంది,
తారు సంగతి లేదు.

తాడు పేనేవాళ్ళు వెనక్కి నడుస్తారు, తెలుసా మీకు?
నడుముకు నార చుట్టుకుని
పోగు వదులుతూ, వదులుతూ
సందు చివరిదాకా వెనక్కే.
చూపు మాత్రం బయల్దేరిన చోటే.
నూట యాభై ఏళ్ళు మావాళ్ళు
ఎటు పోతున్నారో చూసుకోకుండానే నడిచారు.
ఆ ఊళ్ళో సందులు అందుకే
అంత తిన్నగా, అంత పొడుగ్గా ఉంటాయి.

వాళ్ళ తాడు ఓడలెక్కింది,
ఆవుల మెడకెక్కింది,
చర్చి గంటకు వేలాడింది.
ఉరికొయ్యకు కూడా.
ఎవణ్ణయినా ఉరితీస్తే
"బ్రిడ్‌పోర్టు బాకు దిగింది" అనేవారు జిల్లా అంతా,
నవ్వుతూ.

తాళ్ళ బాకీ తగాదా ఒకటి పట్టుకుని
ఆంబ్రోజ్ సైమ్స్ అనే కుర్ర లాయరు ఆ గుమ్మం తొక్కాడు.
లెక్కలో పదకొండు షిల్లింగుల తప్పుందని
తలుపు చాటునుంచి ఒక గొంతు అంది.
తాతయ్య మొదట ప్రేమించింది
ఆమె ముఖాన్ని కాదట, కూడికని.

పెళ్ళయ్యాక విందులన్నిటికీ తొడుగులతోనే వెళ్ళేది.
పెద్దిళ్ళ ఆడవాళ్ళు ఆ తొడుగుల్ని మెచ్చుకునేవారు.
లోపల అరచేతులు
గుర్రపు జీనులా ఉండేవి.

ఒక మార్చి నెల.
పగలు తాతయ్య ప్రభుత్వం తరఫున వాదించి గెలిచాడు.
గొర్రెలు కాచే పందొమ్మిదేళ్ళ కుర్రాడికి శిక్ష పడింది.
రాత్రి మా ఇంట్లోనే విందు,
జడ్జిగారికి మాంసం కోసి వడ్డించింది ఆమే.
ఆయన గ్లాసు ఎత్తి
ఆ బాకు మాటే అన్నాడు. బల్లంతా నవ్వింది.

నాయనమ్మ కుడిచేతి తొడుగు తీసి
కంచం పక్కన పెట్టింది.
"ఆ తాడు మా థర్జామ్మ పేనిన లాంటిదే అయ్యుంటుంది.
ఆవుకైనా మనిషికైనా ఒకటే ధరండీ.
ఇంకొంచెం కూర వెయ్యనా?"

ఆ తర్వాత తాతయ్య
ఉరి పడే కేసుల్లో ప్రభుత్వం పక్కన
ఇంకెప్పుడూ నిలబడలేదు.
ఆ రాత్రి ఏమనుకున్నారో, అసలు మాట్లాడుకున్నారో లేదో
నాకు తెలీదు.
పత్రికలు దాన్ని సూత్రం అన్నాయి.
సూత్రమే. కాకపోతే
ఎవరు పేనిందో వాళ్ళు అడగలేదు.

చివరి చలికాలానికి ఆమెకు పేర్లన్నీ జారిపోయాయి,
తాతయ్య పేరుతో సహా.
పొద్దున్నే లేచి, నడుం దగ్గర రెండు చేతులూ పెట్టుకుని
నడవాలో వెనక్కి నడిచేది.
వీపు గోడకు తగిలేది. మళ్ళీ మొదటికి వచ్చేది.
నర్సు ఆపబోతే నేను వద్దన్నాను.
ఈ చివర నిలబడి ఖాళీ గుప్పిట మూశాను.
"బిగించి పట్టు పిల్లా,
వదిలేస్తే పురి విడిపోతుంది" అంది,
నన్ను ఎవరనుకుందో.

పెద్దమనిషి గడియారం చూసుకున్నాడు.
వ్యాపారి కుమార్తె, అని రాసుకున్నాడు.
తాళ్ళు అని రాయండి, అన్నాను.
గీతలో జాగా లేదన్నాడు.

అంచున ఉంది కదండీ.
కాగితం నిలువునా,
పైనుంచి కిందిదాకా రాయండి.